బస్తీ ఫుట్‌బాల్: బల్లార్షా, ఘుగ్గుస్, రాజురా, సిరోంచ వైపు తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల బస్తీల్లో మేం పిల్లలకు ఫుట్‌బాల్ ఆడిస్తాం. సాయంత్రం గ్రౌండ్ గట్టున నిలబడి తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేవే ఇవన్నీ. కొన్ని అందరి ముందూ అడుగుతారు, కొన్ని పక్కకు పిలిచి అడుగుతారు. పక్కకు పిలిచి అడిగే వాటికే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాం. మేం జీతం తీసుకునే కోచ్‌లం కాదు. బొగ్గు గనుల మీద, పేపర్ మిల్లు మీద, రోజు కూలి మీద బతికే ఇళ్ల నుంచే వచ్చినవాళ్లం.

ఎవరు రావచ్చు?

పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఎవరైనా రావచ్చు. బడికి పోయేవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు, ఇంటి దగ్గర చెల్లెళ్లను చూసుకునేవాళ్లు, అందరూ. ఆట వచ్చి ఉండాలని లేదు. ఆట బాగా వచ్చిన పిల్లాడికి ఎక్కడో ఒకచోట టీమ్ దొరుకుతుంది. ఏ టీమూ పిలవని పిల్లల కోసమే మేం ముఖ్యంగా గ్రౌండుకు వస్తున్నాం.

బాల్ తన్నితే మా పిల్లాడికి ఏం ఒరుగుతుంది?

ఎక్కువ మంది అడిగేది ఇదే. అడగాల్సిందే కూడా.

ఒంటికి జరిగే మేలు తేలిగ్గా చెప్పొచ్చు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు గుండె వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో ఉంది. డెన్మార్క్‌లో పీటర్ క్రుస్ట్రుప్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం చిన్న మైదానాల్లో సరదాగా ఆడే ఫుట్‌బాల్ మీద ఏళ్ల తరబడి పని చేశారు. వారానికి రెండు మూడు సార్లు ఆడినా గుండెకు, బీపీకి, ఎముకలకు మంచిదని చూపించారు. తలదాచుకోవడానికి ఇల్లు లేని మనుషులతో కూడా ఈ పరీక్షలు చేశారు. మీ పిల్లాడు అన్నం సరిగ్గా తింటున్నాడు, పడుకోగానే నిద్రపోతున్నాడు అని మీరే వచ్చి చెబుతారు.

మనసు సంగతి అంత తేలిక కాదు. ఫుట్‌బాల్ పెడితే చాలు, పిల్లల బాధలు పోతాయని చాలామంది ఉపన్యాసాలిస్తారు. ఉగాండాలోని గులూ పట్టణంలో యుద్ధం ముగిశాక పిల్లలకు ఒక ఫుట్‌బాల్ లీగ్ పెట్టి, ఆడినవాళ్లను, ఆడనివాళ్లను పోల్చి చూశారు. 2014లో వచ్చిన ఆ ఫలితాలు చూస్తే, పోటీగా నడిచిన ఆ లీగ్‌లో మగపిల్లల మానసిక స్థితి మెరుగుపడలేదు సరికదా, ఆడనివాళ్ల కంటే కొంత వెనకబడింది. గెలుపు ఓటముల టెన్షన్ ఇప్పటికే దెబ్బతిన్న పిల్లల మీద పడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మా దగ్గర పాయింట్ల పట్టిక గోడకు అంటించకపోవడానికి కారణం అదే.

మరి మేలు చేసేది ఏది? మా లెక్కలో అది రోజూ ఒకే వేళకు అక్కడ కనిపించే పెద్దమనిషి. పిల్ల వరుసగా రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటికొచ్చి "ఏమైందమ్మా?" అని అడిగే మనిషి. బాల్ సంచిలోంచి తీయకముందే మేం హాజరు పుస్తకం తీస్తాం. పేరు పిలవగానే పిల్లలు చెయ్యెత్తి వేళ్లు చూపిస్తారు: ఒక వేలంటే ఇవాళ ఏం బాలేదు, ఐదంటే ఫస్ట్‌క్లాస్. రెండు వేళ్లు చూపించిన పిల్లను అక్కడే పట్టుకుని ప్రశ్నలు వేయం. ఆట అయ్యాక గ్రౌండ్‌లో గుర్తుకు పెట్టిన కోన్లు ఏరడానికి సాయం రమ్మంటాం. చేతులు ఏదో పనిలో ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. నాన్నకు డ్యూటీ పోయిందనో, అక్కను చూసుకోవడానికి పెళ్లివాళ్లు వచ్చారనో, ఇంట్లో రాత్రంతా గొడవనో అప్పుడు బయటికొస్తుంది. ఇదంతా ఖోఖో పెట్టుకుని కూడా చేయొచ్చు. పిల్లలు ఫుట్‌బాల్‌కు వస్తున్నారు గనక ఫుట్‌బాల్ పెట్టాం.

మరి క్రికెట్ ఎందుకు కాదు? అందరికీ వచ్చిందే కదా?

క్రికెట్‌లో ఒకడు బ్యాటు పట్టుకుంటే తొమ్మిదిమంది ఎండలో నిలబడతారు. బ్యాటు ఎవరిదో వాడిదే పెత్తనం. ఒక్క ఫుట్‌బాల్ చాలు, పద్నాలుగు మంది పరిగెత్తుతారు. క్రికెట్ మీద మాకు కోపమేం లేదు, మ్యాచ్ ఉన్న రోజు హాజరు సగమవుతుందన్న బాధ తప్ప.

ఫీజు ఎంత? బూట్లు కొనాలా?

ఫీజు లేదు. కాన్వాస్ బూట్లు చాలు, అవీ లేకపోతే మా దగ్గర పాతవి ఉన్నాయి, సైజు చూసి ఇస్తాం. ఒట్టి కాళ్లతో మాత్రం ఆడనివ్వం. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం ఆటగాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్ మీద ఆడి 2-1తో ఓడారని పెద్దవాళ్లు గర్వంగా గుర్తు చేస్తుంటారు. వాళ్లు ఆడింది పచ్చికలో. మన గ్రౌండ్‌లో బొగ్గు పెళ్లలు, పగిలిన సీసాలు ఉంటాయి.

గ్రౌండ్‌లో రెఫరీ లేడేంటి? కొట్టుకోరా?

కొట్టుకుంటారు, కాకపోతే తక్కువే. మేం ఆడించేది మూడు భాగాల ఆట. 1994 వరల్డ్ కప్‌లో పొరపాటున సొంత గోల్ కొట్టుకున్న కొలంబియా ఆటగాడు ఆంద్రెస్ ఎస్కోబార్‌ను మెదెయిన్ నగరంలో కాల్చి చంపారు. ఆ నగరంలోనే, ముఠాల మధ్య నలిగిపోతున్న కుర్రాళ్ల కోసం ఈ పద్ధతి పుట్టింది. అక్కడ మొదట్లో ఒక నియమం ఉండేది: టీమ్‌లో మొదటి గోల్ అమ్మాయే కొట్టాలి. దాంతో మగపిల్లలు చచ్చినట్టు పాస్ ఇవ్వడం నేర్చుకున్నారు.

మొదటి భాగంలో రెండు టీములూ గుండ్రంగా కూర్చుని ఆ రోజు నియమాలు తామే పెట్టుకుంటాయి. రెండోది ఆట, రెఫరీ ఉండడు. ఫౌల్ అయితే చేసినవాడే చెయ్యెత్తాలి. మూడో భాగంలో మళ్లీ కూర్చుని, ఎదుటి టీమ్ నియమాలు పాటించిందా లేదా చూసి మార్కులు వేస్తారు. గోల్స్‌తో పాటు ఆ మార్కులూ కలుస్తాయి. కాబట్టి మూడు గోల్స్ కొట్టిన టీమ్ కూడా ఓడిపోవచ్చు.

ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. ఇద్దరు కుర్రాళ్లు, ఒకడు తెలుగింటివాడు, ఇంకొకడు గోండు. బాల్ చేతికి తగిలిందా లేదా అని పట్టుకున్నారు. ఆట ఆగింది. ఇలాంటప్పుడు మేం లోపలికి వెళ్లం, గట్టునే నిలబడతాం. ఒకడు తెలుగులో తిట్టాడు, రెండోవాడు మరాఠీలో తిప్పికొట్టాడు, మధ్యలో ఉన్న పిల్ల ఇద్దరికీ హిందీలో గడ్డి పెట్టింది. చివరికి తెలుగు కుర్రాడు "సరే, తగిలింది" అని బాల్ కింద పెట్టి పక్కకు జరిగాడు. మూడో భాగంలో అవతలి టీమ్ వాడికి పూర్తి మార్కులు వేసింది. ఇంట్లో ఎవరూ తప్పు ఒప్పుకోవడం చూడని పిల్లాడికి, ఒప్పుకున్నా కొంపలు మునగవని తెలియడం చిన్న విషయమేం కాదు.

ఆడపిల్లను పంపొచ్చా? నలుగురూ ఏమనుకుంటారో.

నలుగురూ అనుకుంటారు. మొదటి నెల ఎక్కువ అనుకుంటారు, తర్వాత వాళ్లకు వేరే సంగతులు దొరుకుతాయి.

మీరు నిజంగా అడగాల్సినవి వేరే ఉన్నాయి, వాటికి జవాబులివి. ఆడపిల్లలు ఉన్న ప్రతి సాయంత్రం గ్రౌండ్‌లో కోచ్‌గా ఒక అక్క తప్పనిసరిగా ఉంటుంది. ఆమె రాకపోతే ఆ రోజు ఆట లేదు. నిక్కర్లే వేసుకోవాలని లేదు, ట్రాక్ ప్యాంటు, లెగ్గింగ్స్, పైన పొడుగు టీషర్టు ఏదైనా సరే. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టం. ఆడితే ఆరోగ్యానికి వచ్చే నష్టమేం లేదు, ప్యాడ్లు అక్క దగ్గర ఉంటాయి. గ్రౌండ్ పక్కన మూత్రశాల లేకపోతే అమ్మాయిలు నీళ్లు తాగడం మానేసి వస్తారు, ఎండలో కళ్లు తిరిగి పడిపోతారు. అందుకే దగ్గర్లో ఎవరో ఒకరి ఇంట్లో బాత్రూమ్ వాడుకోవడానికి ముందే మాట్లాడి పెట్టుకున్నాం. ఎవరి ఇల్లో అక్కను అడగండి.

ఇంకోటి, పెళ్లి సంగతి. పద్దెనిమిది నిండకుండా అమ్మాయికి, ఇరవై ఒకటి నిండకుండా అబ్బాయికి పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. మేం పోలీసుల్లా ఎవరి ఇంటి మీదా నిఘా పెట్టం. కానీ పది మంది స్నేహితురాళ్లు ఉన్న అమ్మాయికి సంబంధం చూస్తే ఆ కబురు గ్రౌండ్‌కు చేరకుండా ఉండదు. జార్ఖండ్‌లో రాంచీ దగ్గర ఓర్మాంఝీలో యువా అనే సంస్థ 2009 నుంచి పల్లెటూరి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది. బాల్య వివాహాలు ఎక్కువున్న ప్రాంతం అది. టీమ్ ఉన్న అమ్మాయి ఒంటరిగా లేదు, ఆ సంస్థ పని అంతా దీని మీదే నడిచింది. 2019లో ఆటల ద్వారా మంచి పని చేసేవాళ్లకు ఇచ్చే లారియస్ పురస్కారం కూడా అందుకుంది. మనవాళ్లలో చూస్తే, నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. అయితే మీ అమ్మాయి సౌమ్య కావాలని మేం చెప్పడం లేదు. పన్నెండో తరగతి పరీక్ష రాసే దాకా బడిలో ఉంటే మాకు అదే కప్పు.

చీకటి పడితే ఎలా? పులి భయం ఉంది కదా.

ఉంది. తాడోబా అడవి పక్కన బతుకుతున్నాం. చంద్రపూర్ థర్మల్ కేంద్రం, దుర్గాపూర్ వైపు పులులు, చిరుతలు బస్తీల్లోకే వచ్చిన రోజులున్నాయి. కాబట్టి సూర్యుడు దిగకముందే ఆట ఆపేస్తాం. చలికాలంలో ఇంకా ముందే. ఎవరూ ఒంటరిగా వెళ్లరు, ఒకే వైపు పోయేవాళ్లు గుంపుగా, పెద్ద పిల్లలు వెనకా ముందూ నడుస్తారు. పొదల్లోకి పోయిన బాల్‌ను మసక వెలుగులో వెతకడం నిషేధం. బాల్ పోతే పోయింది.

ఎండ, బొగ్గు దుమ్ము?

చంద్రపూర్‌లో ఎండ 47 డిగ్రీలు దాటిన వేసవులు మనకు కొత్తకాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆట బంద్, పొద్దున్నే ఎండ ముదరక ముందు ఆడతాం, వేడిగాలి మరీ ఎక్కువుంటే అదీ లేదు. ప్రతి పావుగంటకీ నీళ్ల కోసం ఆట ఆగుతుంది. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపి తాగించొద్దు. దుమ్ము విషయంలో మా చేతిలో ఉన్నది తక్కువ. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చంద్రపూర్‌ను తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో పెట్టింది. లారీలు వరసగా నడిచే రోడ్డు పక్క స్థలం ఉచితంగా ఇస్తామన్నా తీసుకోలేదు. ఆస్తమా ఉన్న పిల్లలు ఇన్‌హేలర్ వెంట తెచ్చుకోవాలి.

మా బాబుకు సికిల్ సెల్ ఉంది. ఆడొచ్చా?

సికిల్ సెల్ అంటే తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు. ఈ జిల్లాల్లో ఇది చాలా ఇళ్లలో ఉన్న ప్రశ్న, ఎవరూ దాచాల్సిన పని లేదు. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, పరీక్ష చేసి కార్డు ఇస్తారు. ఆ కార్డు మాకు చూపించండి.

కార్డులో జబ్బు ఉందని వస్తే డాక్టరు ఒప్పుకున్నాకే ఆట. ఒప్పుకున్నా కొన్ని జాగ్రత్తలు: ఆగకుండా పరుగు పందేలు వద్దు, దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి, చెమటతో చలిగాలిలో నిలబడకూడదు, అలసట అనిపించగానే ఎవరినీ అడగకుండా బయటికి వచ్చేయాలి. ఎముకల్లో నొప్పి, ఛాతీ నొప్పి, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి. జబ్బు లేకుండా దాని జన్యువు మాత్రమే మోసేవాళ్లు మామూలుగా ఆడొచ్చు, కాని వాళ్లూ మండుటెండలో ఒళ్లు హూనం చేసుకోకూడదు. పిల్లాడు మెల్లగా ఆడుతున్నాడని ఎవడైనా ఎగతాళి చేస్తే ఆ రోజు మూడో భాగంలో మాట్లాడేది దాని గురించే.

మావాడు ఖర్రా తింటాడు. రానిస్తారా?

రానిస్తాం. దవడలో పెట్టుకుని మాత్రం కాదు.

తెలంగాణ నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతున్నాం: ఖర్రా అంటే పొగాకు, వక్క ముక్కలు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి రుద్ది ఇచ్చేది. ప్రతి పాన్‌ఠేలా (పాన్ డబ్బా) ముందూ ఆ రుద్దుడు చప్పుడు వినిపిస్తుంది. మహారాష్ట్రలో గుట్కా నిషేధం 2012 నుంచి ఉంది. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు. ఈ నిషేధాలన్నిటి నడుమ ఖర్రా మాత్రం ఎనిమిదో తరగతి పిల్లల జేబుల్లోకి చేరింది.

పిల్లలు దాన్ని ఎందుకు మొదలుపెడతారో అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు "ఆకలి తెలియదు" అనే. రెండోది "అందరూ తింటారు". మొదటిదానికి ఆట అయ్యాక గుగ్గిళ్లో, అటుకులో, అరటిపండో పెడతాం. రెండోదానికి టీమ్ ఉంది. గ్రౌండ్‌లోకి వచ్చే ముందు నోరు పుక్కిలించాలి, ఇది అందరికీ, కోచ్‌లకు కూడా. పరిగెత్తేటప్పుడు ఆయాసం ఎవరికి ముందొస్తుందో పిల్లలే గమనిస్తారు, మా ఉపన్యాసం అక్కర్లేదు. నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, లోపల తెల్ల మచ్చ కనిపించినా ఆగకుండా దంతవైద్యుడికి చూపించండి. వక్క వల్ల కుర్రతనంలోనే అలా బిగుసుకుపోతుంది. మానేసి మళ్లీ మొదలుపెట్టినవాడిని బయటికి పంపం. బయటికి పంపితే వాడు పోయేది పాన్‌ఠేలా దగ్గరికే.

చదువు పాడవదా?

పరీక్షలప్పుడు ఆట తగ్గిస్తాం. పుస్తకాలు తెచ్చుకుంటే ఆటకు ముందు అరగంట గట్టున కూర్చుని రాసుకోవచ్చు, పెద్ద పిల్లలు లెక్కలు చెబుతారు. "మార్కులు తగ్గాయి కాబట్టి ఆట బంద్" అనే శిక్ష మాత్రం దయచేసి వేయకండి. పిల్ల సంతోషంగా వచ్చే ఒక్క చోటునూ అలా మూసేస్తే మార్కులు పెరగవు.

మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు వెళ్తాం. రెండు మూడు నెలలు పిల్లలూ మాతోనే. పేరు తీసేస్తారా?

తీసేయం. ఎండాకాలం ముందు మిర్చి, మే నెలలో తునికాకు, ఈ జిల్లాల క్యాలెండర్ ఇదని తెలియని వాళ్లం కాదు. వెళ్లే ముందు చెప్పండి, ఒక పాత బాల్ ఇచ్చి పంపుతాం. తిరిగొచ్చిన రోజు హాజరు పుస్తకంలో పేరు అదే వరసలో ఉంటుంది. వీలైతే పిల్లల్ని ఇక్కడే చుట్టాల దగ్గర ఉంచి బడి సాగేలా చూడండి.

ఏ భాషలో నేర్పుతారు?

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, రోడ్డు మీద హిందీ, అహేరి, సిరోంచ వైపు గోండి, మాడియా. పాస్, గోల్, కార్నర్ అన్నిటిలోనూ ఒకటే.

మా పిల్ల ఏదో మనసులో పెట్టుకుని కుమిలిపోతోంది. మీరు మాట్లాడతారా?

వింటాం. వైద్యం చేయం, అది మాకు రాదు. నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, చచ్చిపోతానని అనడం, చేతుల మీద గాట్లు పెట్టుకోవడం లాంటివి కనిపిస్తే ఆగొద్దు. 14416 నంబరుకు ఫోన్ చేయండి. మనసు బాధలకు సాయం చేసేందుకు ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోన్ సేవ అది. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లలకు ఇంట్లోనో బయటో ప్రమాదం ఉంటే 1098. "పిల్లల మాటలే, పట్టించుకోవద్దు" అని మాత్రం అనకండి.

కోచ్‌లే తప్పుగా ప్రవర్తిస్తే?

ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి, అడిగినవాళ్లను మేం అనుమానంగా చూడం. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ నలుగురికీ కనిపించని చోట ఒంటరిగా ఉండకూడదు. పిల్లలకు రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. మీరు ఒప్పుకోకుండా ఫొటోలు తీసి ఎక్కడా పెట్టం. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. మనలో మనం మాట్లాడి సర్దుకుందాం అనే పంచాయితీ ఇక్కడ కుదరదు, నిందితుడు మా మనిషైనా సరే.

దీంతో ఉద్యోగం వస్తుందా?

రాదనుకునే పంపండి. మహారాష్ట్రలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 5 శాతం రిజర్వేషన్ ఉన్న మాట నిజమే, కాని అది పెద్ద స్థాయి పోటీల్లో రాణించినవాళ్లకు. ఆశ చూపించి పిల్లల్ని రప్పించడం మాకు ఇష్టం లేదు. పద్దెనిమిది దాటాక నేర్పడం మీద ఆసక్తి ఉంటే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచింగ్ సర్టిఫికెట్లు ఉన్నాయి, దారి చెబుతాం.

మనకు దగ్గర్లో నాగపూర్‌ను చూడండి. హిస్లాప్ కాలేజీలో వ్యాయామం నేర్పిన విజయ్ బర్సే 2001లో మురికివాడల పిల్లలతో స్లమ్ సాకర్ మొదలుపెట్టారు. 2016లో దానికి ఫిఫా డైవర్సిటీ అవార్డు వచ్చింది. అక్కడ ఆడుకున్న పిల్లల్లో కొందరు ఇప్పుడు కోచ్‌లు. స్లమ్ సాకర్ ద్వారానే భారత జట్టు హోమ్‌లెస్ వరల్డ్ కప్‌కు, అంటే ఇల్లు లేనివాళ్ల ప్రపంచ పోటీకి వెళ్తుంది. 2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మొదలైన ఆ పోటీలో టీమ్‌కు నలుగురు, సగానికి ఏడు నిమిషాలు. ఒక మనిషి జీవితంలో ఒక్కసారే ఆడాలి, ఎంత గొప్పగా ఆడినా మరుసటి ఏడాది చోటు ఇంకొకరిదే. మాకు బాగా నచ్చిన నియమం ఇది.

టోర్నమెంట్ పెట్టి నగదు బహుమతి ఇస్తామని కొందరు పెద్దలు ముందుకొచ్చారు. వద్దన్నారట?

అవును. నగదు వస్తే వెనకాలే పందేలు, బయటి ఆటగాళ్లు, దొంగ వయసు పత్రాలు వస్తాయి. చిన్న పిల్లలు గట్టున కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వస్తుంది. అటుకుల బస్తా ఇస్తే కళ్లకద్దుకుని తీసుకుంటాం.

మా బస్తీలోనూ పెట్టాలంటే ఏం కావాలి?

ముందు స్థలానికి అనుమతి, కాగితం మీద. పంచాయతీదో, నగర పరిషత్‌దో, బొగ్గు కంపెనీదో తెలుసుకుని అర్జీ పెట్టండి. నోటిమాట మీద మొదలుపెడితే పండగ పందిరి వేసిన రోజే మీ గ్రౌండ్ పోతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నాలుగో సైజు బాల్, ఆపై వాళ్లకు ఐదో సైజు. కోన్లు లేకపోతే ఇసుక నింపిన నీళ్ల బాటిళ్లు చాలు. ప్రథమ చికిత్స పెట్టె, హాజరు పుస్తకం, తాగునీళ్లు. నైరోబీలోని మథారే మురికివాడలో 1987లో మొదలైన లీగ్‌లో బస్తీ శుభ్రం చేసిన టీమ్‌కు పాయింట్లు ఇస్తారు. మీ గ్రౌండ్ చెత్తకుప్ప పక్కన ఉంటే ఆ పద్ధతి పనికొస్తుంది.

అన్నిటికంటే కష్టం మనుషులు దొరకడం. ఒక మగ, ఒక ఆడ, కనీసం ఏడాది పాటు మానకుండా వస్తామని మాట ఇచ్చేవాళ్లు కావాలి. అలాంటి ఇద్దరు దొరక్కపోతే ఇప్పుడే మొదలుపెట్టకండి. మూడు నెలలు నడిపి ఆపేస్తే, అంతకుముందే చాలామంది వదిలేసి వెళ్లిన పిల్లలను మీరూ వదిలేసినట్టవుతుంది.

మేం పెద్దవాళ్లం కూడా ఆడొచ్చా?

ఆదివారం పొద్దున రండి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోండి. లుంగీతో రావద్దు. నోరు పుక్కిలించే నియమం మీకూ ఉంది, పిల్లలు గేటు దగ్గర నిలబడి చూస్తారు.